ట్యాబ్లెట్ సంగీతానికి హబ్బు, కేబులు, కరెంటు

(కీబోర్డు, గిటారు వాయించే యువకళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పజెప్పిన పని చిన్నదే. "ట్యాబ్లెట్ మీద వాయించేవాళ్లు ఏ హబ్బు కొనాలో చెప్పండి చాలు" అన్నారు. హబ్బు అంటే ట్యాబ్లెట్ కున్న ఒక్క రంధ్రాన్ని నాలుగైదు రంధ్రాలు చేసే చిన్న డబ్బా. ఒక కంపెనీ పేరు చెప్పి కూర్చోవచ్చు. చెప్పను. హబ్బులు అమ్మే కంపెనీలు చాలావరకు ఎక్కడో తయారైన చిప్పుల చుట్టూ డబ్బా బిగించి తమ పేరు అచ్చు వేసుకునేవే. ఈ ఏడాది బాగున్న మోడల్‌లో వచ్చే ఏడాదికి లోపలి చిప్పు మారిపోవచ్చు, పైన డబ్బా మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది. కాబట్టి హబ్బు చేతిలోకి తీసుకున్నాక ఏమి చూడాలో, కొట్లో ఏమి అడగాలో చెబుతాను. పేరు మీరే వెతుక్కోండి.

పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండేది వేగం. సెకనుకు 5 గిగాబిట్లు, 10 గిగాబిట్లు, ధర పెరిగితే 40. మన సంగీతానికి ఎంత వేగం కావాలో ఎప్పుడైనా లెక్క వేశారా? రెండు ఛానళ్ల పాట, సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్క నమూనా 24 బిట్లు. గుణిస్తే సెకనుకు 23 లక్షల బిట్లు, అంటే 2.3 మెగాబిట్లు. ఎనిమిది మైకులు ఒకేసారి రికార్డు చేసినా పది మెగాబిట్లు దాటదు. ఇక కీబోర్డు నుంచి వచ్చే మిడి సమాచారమైతే, అంటే ఏ మీట ఎంత గట్టిగా నొక్కారో చెప్పే సందేశాలైతే, మరీ కొంచెం. 1983లో వచ్చిన ఆ పద్ధతిలో తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు మాత్రమే. ఒక స్వరం నొక్కినట్టు చెప్పడానికి మూడు బైట్లు, సుమారు ఒక మిల్లీ సెకను. ఇప్పటి కీబోర్డులు మిడిని యూఎస్‌బీ మీదే పంపుతాయి కాని, సందేశం మాత్రం ఆ మూడు బైట్లదే.

2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు. మన అవసరం అందులో ఒక మూలకు సరిపోతుంది. అందుకే మైకు, గిటారు శబ్దాన్ని ట్యాబ్లెట్ లోకి, ట్యాబ్లెట్ శబ్దాన్ని మిక్సరుకు చేర్చే ఈనాటి ఆడియో ఇంటర్‌ఫేసులు, అదే మనం సౌండ్ కార్డు అని పిలుచుకునేవి, ముందు టైప్-సీ రంధ్రం పెట్టుకున్నా లోపల చాలావరకు యూఎస్‌బీ 2.0 తోనే పనిచేస్తాయి. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్ టైప్-సీ పోర్టు కూడా 480 మెగాబిట్లదే. దాన్ని చూసి పెదవి విరిచినవాళ్లు చాలామంది. సంగీతానికి దాని వల్ల పోయిందేమీ లేదు. థండర్‌బోల్టు అనే అతి వేగపు రకం హబ్బు కొంటే శబ్దం బాగుంటుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఆ డబ్బుతో మంచి మైకు వస్తుంది.

ఒక్క చోట మాత్రం వేగం పనికొస్తుంది. వీణ, వయొలిన్, పియానోల శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసిన స్వరాలు, బయటి ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుని ట్యాబ్లెట్‌లోకి ఎక్కించేవారు ఉంటారు. పది గిగాబైట్ల శాంపిళ్లు 480 మెగాబిట్ల పోర్టు ద్వారా రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. 5 గిగాబిట్ల దారిలో అరనిమిషం. ఆ పని ఇంట్లో చేసుకునేదే గనుక అక్కడ ఓపిక ఉంటే చాలు.

మరి వేదిక మీద ఇబ్బంది పెట్టేది ఏమిటి? కరెంటు. ఈ సాయంత్రం మీరు ఇంటికి ఒక్క సంగతే పట్టుకెళ్లాలంటే ఇదే పట్టుకెళ్లండి. శబ్దం చిటపటలాడినా, సౌండ్ కార్డు ఉన్నట్టుండి మాయమైనా, కీబోర్డు మీట నొక్కితే పలకకపోయినా, నూటికి ఎక్కువసార్లు కారణం హబ్బులో కరెంటు చాలకపోవడం, లేదా ఆ కరెంటు ఒక్క క్షణం తెగిపోవడం.

ముందు చాలకపోవడం సంగతి చూద్దాం. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. యూఎస్‌బీ 3 పోర్టు అయితే 900 మిల్లీ ఆంపియర్లు, నాలుగున్నర వాట్లు. ఐఫోన్ 15 తన టైప్-సీ పోర్టు నుంచి బయటికి ఇచ్చేది కూడా ఆ నాలుగున్నర వాట్లే. ఛార్జర్ లేకుండా హబ్బు తగిలిస్తే మొత్తం బరువు ట్యాబ్లెట్ మీదే పడుతుంది. మేడ మీద ట్యాంకు ఒకటే, కుళాయిలు నాలుగు అన్నమాట. హబ్బులోని చిప్పు కొంత తాగుతుంది. సౌండ్ కార్డు ఒక్కటే రెండున్నర వాట్లు తీసుకోవచ్చు. దానికి కండెన్సర్ మైకు, అంటే పనిచేయడానికి కరెంటు కావలసిన మైకు, తగిలించి, ఆ కరెంటు పంపే 48 వోల్టుల మీట నొక్కారా, మైకుకు గరిష్ఠంగా పది మిల్లీ ఆంపియర్లు, అంటే అర వాటు దాకా అదనం. రెండు మైకులైతే ఒక వాటు. 5 వోల్టులను 48 చేయడంలో పోయే నష్టం వేరే. ఇక వేళ్లతో తట్టి వాయించే మీ ప్యాడ్ కంట్రోలర్‌లో రంగురంగుల దీపాలు వెలుగుతుంటే వాటి ఖర్చు ఎవరు కడతారు? మైకు పలకడం లేదని పాట మధ్యలో సౌండ్ కార్డును తిట్టేవాళ్లు ముందు ఆ దీపాలు ఆర్పి చూడండి.

అందుకని మొదటి నియమం: రెండు పరికరాలు మించి తగిలించేటట్టయితే, తనలోకి ఛార్జర్ తీసుకునే హబ్బే కొనండి. టైప్-సీలోనే ఛార్జింగ్ రంధ్రం ఉన్నది ఒక రకం. విడిగా తన అడాప్టరు ఉన్న పాతకాలపు హబ్బు ఇంకో రకం. ఈ రెండోది చూడటానికి మొరటుగా ఉంటుంది, సంచిలో బరువు, గోడ దగ్గర ఒక ప్లగ్గు ఎక్కువ. అయినా స్టూడియో బల్ల మీదికి నా ఓటు దానికే. ట్యాబ్లెట్ ఛార్జింగ్ ఎలా ఉన్నా, పరికరాలకు కరెంటు తన అడాప్టరు నుంచి నిలకడగా పోతూనే ఉంటుంది.

ఛార్జింగ్ రంధ్రం ఉన్న హబ్బులో చిన్న అక్షరాలు చదవాలి. "100 వాట్ల ఇన్‌పుట్, 85 వాట్ల అవుట్‌పుట్" అన్నట్టుగా రాసి ఉంటుంది. మధ్యలో తగ్గిన పదిహేను వాట్లు హబ్బు తనకోసం, తనకు తగిలించిన వాటికోసం పక్కన పెట్టుకున్నది. 20 వాట్ల ఛార్జర్ తగిలిస్తే ఇక ట్యాబ్లెట్‌కు మిగిలేది ఏమిటి? గంటసేపు ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం దిగిపోతూనే ఉంటుంది. 45 లేక 65 వాట్ల ఛార్జర్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు తెగిపోవడం సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఏ పెట్టె మీదా రాయనిది ఇదే.

టైప్-సీ ఛార్జరు తగిలించగానే కరెంటు కుమ్మరించదు. 5 వోల్టులతో మొదలుపెట్టి అవతలి పరికరంతో మాట్లాడుతుంది. నా దగ్గర 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది, నీకు ఏది కావాలి అని అడుగుతుంది. అవతలిది ఎంచుకుంటుంది. ఛార్జర్ లేనంతసేపూ ట్యాబ్లెట్టే దాత, హబ్బు పుచ్చుకునేది. ఛార్జర్ పెట్టిన మరుక్షణం పాత్రలు తారుమారవుతాయి. హబ్బు ఇచ్చేది, ట్యాబ్లెట్ పుచ్చుకునేది. ఆ మార్పిడి జరిగే రెప్పపాటులో చాలా హబ్బులు కింద ఉన్న పరికరాలకు కరెంటు ఆపేస్తాయి. సౌండ్ కార్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఈలోగా ట్యాబ్లెట్ "సౌండ్ కార్డు వెళ్లిపోయింది" అనుకుని పాటను తన చిన్న స్పీకర్లలోకి మళ్లిస్తుంది. కొన్ని యాప్‌లు సౌండ్ కార్డు తిరిగి వచ్చినా గుర్తుపట్టవు, మూసి తెరవాల్సిందే. హాలంతా నిశ్శబ్దం, గాయకుడు మీ వంక చూస్తుంటాడు. ఈ మార్పిడి కరెంటు తెగకుండా జరిగే ఏర్పాటు ప్రమాణాల్లో ఉంది గాని, అన్ని హబ్బుల్లోనూ పెట్టరు.

కాబట్టి ఛార్జరు ముందే తగిలించండి, తర్వాత ట్యాబ్లెట్, ఆ తర్వాతే సౌండ్ కార్డు, చివర యాప్ తెరవండి. ఒకసారి మొదలయ్యాక ఛార్జరు జోలికి పోవద్దు. బ్యాటరీ నిండిందని పీకవద్దు, తగ్గిందని మధ్యలో పెట్టవద్దు.

దీనిలో ఇంకో ఉచ్చు ఉంది. ఇప్పటి ఛార్జర్లకు రెండు, మూడు రంధ్రాలు ఉంటాయి. ఒకదానిలో మీ హబ్బు ఉంది. పక్కన తబలా వాయించే ఆయన, పాపం ఆయన ఫోనులో ఐదు శాతమే ఉంది, రెండో రంధ్రంలో తన కేబులు పెడతాడు. ఛార్జర్ తన వాట్లను ఇద్దరికీ పంచడానికి లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తుంది, ఆ క్షణం మీ హబ్బుకు కరెంటు పోతుంది. అవే లక్షణాలు, అదే నిశ్శబ్దం. వేదిక మీదికి ఒకే రంధ్రం ఉన్న ఛార్జరు తీసుకెళ్లండి. స్నేహాలు నిలుస్తాయి.

మన ఊళ్లలో కరెంటు పోవడం, జనరేటరు అందుకోవడం మామూలే. గణేశ్ పందిళ్లలో, ఉత్సవాల్లో వాయించేవారికి చెప్పక్కర్లేదు. మిక్సరుకు ఇన్వర్టరు ఉంటుంది, మన ఛార్జరు ఉన్న ప్లగ్గుకు ఉండదు. అక్కడ నా సలహా పవర్ బ్యాంకు. టైప్-సీ నుంచి 45 వాట్లు ఇవ్వగలిగిన 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 74 వాట్ అవర్లు. ట్యాబ్లెట్, హబ్బు, సౌండ్ కార్డు కలిసి పదిహేను వాట్లు తీసుకున్నా, నష్టాలు పోను నాలుగు గంటలు నడుస్తుంది. అది గోడకు తగిలించి ఉండదు గనుక జనరేటరు వచ్చినా పోయినా దానికి పట్టదు.

పవర్ బ్యాంకు ఇంకో రోగాన్ని కూడా తీరుస్తుంది. ఛార్జర్ తగిలించగానే స్పీకర్లలో "జ్జ్జ్" మని మోత, పీకగానే శుభ్రం. ఈ ఫిర్యాదు వినని కీబోర్డు కళాకారుడు ఉండడు. రెండు పిన్నుల ఛార్జరుకు ఎర్తింగు ఉండదు. లోపల ఉన్న చిన్న కెపాసిటర్ ద్వారా కొంచెం కరెంటు కారుతూ ఉంటుంది. లోహపు ట్యాబ్లెట్ వీపు నిమిరితే వేళ్లకు జివ్వుమనేది అదే. ఆ కారిన కరెంటు సౌండ్ కార్డు తీగ గుండా మిక్సరు ఎర్తును వెతుక్కుంటూ పోతుంది, పోతూ మోత చేస్తుంది. మూడు పిన్నుల ఛార్జరుతో ఇంకో రకం: మిక్సరు ఎర్తు, ఛార్జరు ఎర్తు రెండూ కలిసి ఒక వలయం అవుతాయి. పవర్ బ్యాంకుకు ఈ రెండూ లేవు. గోడ కరెంటే వాడాలంటే మిక్సరుకు రొదను తగ్గించే బ్యాలెన్స్‌డ్ కేబులుతో వెళ్లండి, లేదా గ్రౌండ్ లిఫ్ట్ మీట (ఎర్తు లంకెను తెంచేది) ఉన్న డీఐ బాక్సును సౌండ్ కార్డుకూ మిక్సరుకూ మధ్య పెట్టండి. మోత పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. మైకు పట్టుకునే మనిషి ప్రాణం ఆ పిన్ను మీద ఆధారపడి ఉంటుంది.

కేబుళ్లకు వద్దాం. పొడవులు ముందు. రెండు వైపులా టైప్-సీ ఉన్న యూఎస్‌బీ 2.0 కేబులు నాలుగు మీటర్ల దాకా ఉండవచ్చు. 5 గిగాబిట్లదైతే సుమారు రెండు మీటర్లు, 10 గిగాబిట్లదైతే ఒక మీటరే. అంటే వేగం పెరిగినకొద్దీ కేబులు పొట్టిదవుతుంది, ధర పెరుగుతుంది, మందమై వంగదు. మనకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఐప్యాడ్ ప్రో పెట్టెలో వచ్చే ఛార్జింగ్ కేబులు కూడా యూఎస్‌బీ 2.0 వేగానిదే. సౌండ్ కార్డుకు అది చక్కగా సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

చూడాల్సింది లోపలి రాగి. పాత పద్ధతి కేబుళ్ల తొడుగు మీద చిన్న అంకెలు అచ్చు వేసి ఉంటాయి: 28 ఏడబ్ల్యూజీ, పక్కనే 24 ఏడబ్ల్యూజీ అని. మొదటిది సమాచారం మోసే జత, రెండోది కరెంటు మోసే జత. అంకె తగ్గితే తీగ లావు. కరెంటు జత కూడా 28 అయితే, రెండు మీటర్ల కేబులులో అర ఆంపియరు పోతుంటే 0.4 వోల్టు దారిలోనే కరిగిపోతుంది. బయలుదేరిన 5 వోల్టులు సౌండ్ కార్డు చేరేసరికి 4.6. 24 అయితే నష్టం 0.2 కూడా ఉండదు. కోఠీ గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్లోనో కేబులు కొనేటప్పుడు ఆ అచ్చు వెతికి చదవండి. అచ్చే లేకపోతే పక్కన పెట్టండి. అల్లిక తొడుగు, బంగారు పూత, ఇవన్నీ అలంకారాలు.

ఒక వైపు పాత ఏ రకం (పెన్‌డ్రైవ్‌కు ఉండే వెడల్పాటి మూతి), ఇంకో వైపు టైప్-సీ ఉన్న కేబుళ్ల విషయంలో మరింత జాగ్రత్త. వాటి లోపల, ఎంత కరెంటు తీసుకోవచ్చో పరికరానికి చెప్పే 56 కిలో ఓముల రెసిస్టరు ఒకటి ఉండాలి. అది తప్పుగా ఉంటే, ఇవ్వలేనంత కరెంటును పరికరం పోర్టు నుంచి లాగుతుంది. గూగుల్ ఇంజినీరు బెన్సన్ ల్యూంగ్ 2015లో ఆన్‌లైన్‌లో అమ్మే ఇలాంటి కేబుళ్లను సొంత ఖర్చుతో కొని పరీక్షించి, ఏది మంచిదో ఏది కాదో రాస్తూ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబులు ఆయన ల్యాప్‌టాప్‌నే పాడు చేసింది. అందులో ప్లస్, మైనస్ తీగలు తారుమారుగా అతికించి ఉన్నాయి! ఆయన శ్రమ తర్వాత అమ్మకందారులు కొంత దారికి వచ్చారు. అయినా పేరూ ఊరూ లేని కేబులుతో మీ సౌండ్ కార్డును పరీక్షకు పెట్టవద్దు.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. కొన్ని చవక పరికరాలకు టైప్-సీ రంధ్రం ఉంటుంది, కాని టైప్-సీ నుంచి టైప్-సీకి కేబులు పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఏ నుంచి సీకి ఉన్న కేబులుతో హబ్బుకు తగిలిస్తే వెంటనే పలుకుతాయి. తయారుచేసినవారు లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లను మిగుల్చుకున్నారు, అంతే. పేరున్నవాళ్లకూ ఇది తప్పలేదు. 2019లో వచ్చిన అరచేతి కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై 4లో రెండు రెసిస్టర్లకు బదులు రెండు పిన్నులకూ కలిపి ఒక్కటే పెట్టారు. లోపల చిప్పు ఉన్న ఖరీదైన కేబులు తగిలిస్తే ఛార్జరు దాన్ని కంప్యూటర్ అనుకోక హెడ్‌ఫోన్ అడాప్టరు అనుకుని కరెంటు ఇవ్వడం మానేసేది. మామూలు కేబులుతో నిక్షేపంగా నడిచేది. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు. అందుకే హబ్బులో కనీసం రెండు పాత ఏ రంధ్రాలు ఉండేలా చూసుకోండి. కీబోర్డుల వెనక ఉండే ప్రింటర్ తరహా చదరపు రంధ్రానికి దొరికే కేబుళ్లు కూడా చాలావరకు ఏ రకానివే.

కీబోర్డు మాట వచ్చింది గనుక: వెనక రెండు యూఎస్‌బీలు ఉంటే "టు హోస్ట్" అని రాసి ఉన్న చదరపుదే మనది. "టు డివైస్" పెన్‌డ్రైవ్ కోసం.

హబ్బు మీద హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అది అదనపు సౌకర్యం అనుకుంటారు. నేను అది లేని హబ్బే కొంటాను. ఆ రంధ్రం వెనక ఒక చిన్న సౌండ్ కార్డు ఉంటుంది. ఐప్యాడ్‌లో మిడి పరికరాలు ఎన్ని తగిలించినా అన్నీ పనిచేస్తాయి. ఆడియో అలా కాదు. సంగీతపు యాప్ సాధారణంగా ఒక్క ఆడియో పరికరంతోనే పని చేస్తుంది, అదీ మామూలుగా ఆఖరున తగిలించినదాన్నే పట్టుకుంటుంది. మీరు వేలు పోసి కొన్న సౌండ్ కార్డు పక్కన కూర్చుని ఉంటే, శబ్దం హబ్బులోని నాసిరకం చిప్పు గుండా పోవచ్చు. టీవీ కోసం ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రమూ ఇలాగే శబ్దాన్ని తనవైపు లాక్కుంటుంది. కొన్ని కొత్త కీబోర్డులు కూడా చదరపు రంధ్రంలోంచే ఆడియో పంపుతూ తామే సౌండ్ కార్డునంటాయి. ఇలాంటప్పుడు ముందు మిగతావి, చివర సౌండ్ కార్డు తగిలించండి.

వైర్‌లెస్ మైకులు వాడేవారికి ఒక చిన్న హెచ్చరిక. 5 గిగాబిట్ల యూఎస్‌బీ సంకేతాల నుంచి 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో రేడియో రొద పుడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే వివరంగా ప్రచురించింది. చవకగా దొరికే వైర్‌లెస్ మైకులు చాలావరకు ఆ 2.4 మీదే నడుస్తాయి. ఎస్‌ఎస్‌డీ తగిలించిన హబ్బు పక్కనే మైకు రిసీవరు పెడితే మాటలు తెగిపోవచ్చు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబులుతో రిసీవరును అర మీటరు అవతల పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగవచ్చు.

(ప్రశ్న: నా దగ్గర టైప్-సీ లేని తొమ్మిదో తరం ఐప్యాడ్ ఉందండి. మార్చేయాలా?)

అవసరం లేదమ్మా. మీ ఐప్యాడ్ కున్న లైట్నింగ్ రంధ్రం నుంచి యూఎస్‌బీ 3కి మారే కెమెరా అడాప్టరు దొరుకుతుంది. దానికి ఒక యూఎస్‌బీ రంధ్రం, పక్కన ఛార్జింగ్ రంధ్రం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టి, సొంత అడాప్టరు ఉన్న హబ్బును దానికి తగిలించండి. పైగా మీ ఐప్యాడ్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, అది ఈ రోజుల్లో చిన్న అదృష్టం కాదు. అసలు ఈ అడాప్టరు వంశం 2010లో ఫొటోలు ఎక్కించుకోవడానికి పుట్టింది. అదే ఏడాది నవంబరులో ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోకి మిడి వచ్చింది. కెమెరావాళ్ల సరుకును మనవాళ్లు పట్టేశారు.

(ప్రశ్న: ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ అయితే?)

సౌండ్ కార్డులకు 2014లో ఐదో వెర్షన్ నుంచి, మిడికి 2015లో ఆరో వెర్షన్ నుంచి వ్యవస్థలోనే ఏర్పాటు ఉంది. చవక ట్యాబ్లెట్లలో చాలావాటికి హబ్బు తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కదు. ఛార్జింగ్ పెడితే హబ్బు పలకదు. మీట నొక్కాక శబ్దం వచ్చేవరకు పట్టే ఆలస్యం కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. కొనకముందు మీ కీబోర్డుతో వాయించి చూడటం తప్ప దారి లేదు.

(ప్రశ్న: కొట్లో హబ్బును ఎలా పరీక్షించాలి సార్?)

ట్యాబ్లెట్, సౌండ్ కార్డు, కీబోర్డు, ఛార్జరు, ఒక కండెన్సర్ మైకు అన్నీ తీసుకెళ్లండి. కొట్టు ఆయన విసుక్కుంటాడు, ఫర్వాలేదు. అన్నీ తగిలించి 48 వోల్టుల మీట వేసి, యాప్ సెట్టింగుల్లో బఫరు (ఒక్కో విడతలో యాప్ పంపే నమూనాల సంఖ్య) 128 దగ్గర పెట్టి ఐదు నిమిషాలు గట్టిగా వాయించండి. చిటపటలు వస్తే బఫరు 256 చేయండి. తగ్గితే ఆ బరువు ట్యాబ్లెట్‌ది, తగ్గకపోతే హబ్బునో కేబులునో అనుమానించండి. తర్వాత హబ్బు మీద చెయ్యి వేయండి, వెచ్చగా ఉంటే మామూలే, వేలు ఆనించలేనంత కాలితే వద్దు. చివరగా వాయిస్తూ ఉండగానే ఛార్జరు పీకి, మళ్లీ పెట్టండి. శబ్దం తెగకపోతే అప్పటికప్పుడు బిల్లు రాయించండి. తెగి దానంతట అదే తిరిగి వస్తే బేరమాడి తీసుకోవచ్చు. యాప్ మూసి తెరిస్తే తప్ప రాకపోతే ఇంకో హబ్బు చూపించమనండి.